చెరువు గట్టున నేర్చిన పాఠం
(సాఫ్టువేరు జట్టు పనితీరు – అజైల్ పద్ధతి)

– ఒక పూర్వ విద్యార్థి

మన కళాశాల విద్యార్థి సంఘం వారు వార్షిక సావనీరుకు ఒక వ్యాసం రాయమని కోరినప్పుడు మొదట సందేహించాను. ఈ సంచికలో రాసేవారిలో కవులున్నారు, పరిశోధకులున్నారు, నాకు పాఠాలు చెప్పిన గురువులున్నారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని పొట్టపోసుకునే వాణ్ణి. అయినా, కళాశాల విడిచి వెళ్ళాక నేను చేసిన ఒక పెద్ద తప్పు, దానివల్ల నేర్చుకున్న ఒక చిన్న పాఠం నా తర్వాతి వారికి ఉపయోగపడతాయేమోనన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విషయం సాఫ్టువేరుకు సంబంధించినదే. కాని కామర్సు విద్యార్థి మిత్రులు, తెలుగు శాఖ వారు పేజీ తిప్పేయనవసరం లేదు. ఇది నలుగురు కలిసి ఒక పని చేసే తీరును గురించిన వ్యాసం. పని ఏదైనా మనుషులు మనుషులే గదా!

పాత దారి

ఇల్లు కట్టేవాడు మొదట ప్లాను గీయిస్తాడు, తర్వాత పునాది తీస్తాడు, గోడలు లేపుతాడు, శ్లాబు వేస్తాడు, చివర రంగులు. గోడలు లేచాక పునాది మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు. సాఫ్టువేరు కూడా ఇలాగే కట్టాలని చాలాకాలం అనుకున్నారు. మొదట వాడుకరికి కావలసినవన్నీ అడిగి ఒక పెద్ద పత్రం రాయాలి. దానిమీద సంతకాలు కావాలి. తర్వాత రూపకల్పన, తర్వాత ప్రోగ్రాములు రాయడం, తర్వాత పరీక్షలు, చిట్టచివర అప్పగింత. ఒక మెట్టు దిగితే మళ్ళీ పైకి ఎక్కేది లేదు. నీళ్ళు కిందికి దూకినట్టు ఉంటుంది గనుక దీనికి జలపాత పద్ధతి అని పేరు వచ్చింది.

ఈ పద్ధతికి మూలపురుషుడుగా విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరును చెబుతారు. 1970లో ఆయన ఒక వ్యాసంలో ఈ మెట్ల పటం గీశాడు. తమాషా ఏమంటే, ఇలా ఒకే దిశలో పోవడం ప్రమాదకరమనీ, పరీక్షలు చివరన వస్తాయి గనుక అసలు లోపాలు అప్పుడే బయటపడతాయనీ ఆ వ్యాసంలోనే రాశాడు. కొత్త తరహా పని అయితే ముందొకసారి చిన్నగా చేసి చూసుకుని, ఆ తర్వాత అసలుది చేయమన్నాడు. లోకం పటాన్ని పట్టుకుంది, హెచ్చరికను వదిలేసింది.

అంతకు రెండేళ్ళ ముందే, 1968లో, జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో ఆధ్వర్యంలో జరిగిన సమావేశంలో సాఫ్టువేరు పనులు అనుకున్న కాలానికి పూర్తికాకపోవడం, ఖర్చు మించిపోవడం గురించి నిపుణులు తలలు పట్టుకున్నారు. 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ తన ఐబీయం అనుభవంతో ఒక పుస్తకం రాసి, ఆలస్యమైన సాఫ్టువేరు పనికి మరింతమంది మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని తేల్చాడు. కొత్తగా వచ్చినవాడికి పని నేర్పేది పాతవాడే గనుక ఇద్దరి పనీ ఆగుతుంది. ఈ సంగతులన్నీ నేను చదువుకున్నవే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. చదవడం వేరు, బుర్రకెక్కడం వేరు.

మా కథ

కొన్నేళ్ళ క్రితం ఒక రొయ్యల కొనుగోలు సంస్థకు సాఫ్టువేరు తయారుచేసే పని మా కంపెనీకి వచ్చింది. రెండింటి పేర్లూ ఇక్కడ అనవసరం. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు ప్రాంతాల రైతుల దగ్గర రొయ్యలు కొని, షెడ్డులో తూకం వేసి, రైతుకు రశీదు ఇచ్చి, బ్యాంకులో డబ్బు జమచేసే దాకా అంతా కంప్యూటరు ద్వారా జరగాలి. నేను ఈ తీరం వాణ్ణే గనుక జట్టుకు నన్ను నాయకుణ్ణి చేశారు. జట్టులో పదకొండు మందిమి. గడువు పద్నాలుగు నెలలు.

మొదటి మూడు నెలలు పత్రం రాశాం. మూడు వందల పేజీలు పైచిలుకు. నగరంలోని ఏసీ గదిలో ఆ సంస్థ అధికారులతో కూర్చుని రాసిన పత్రం. షెడ్డుకు ఒక్కసారి వెళ్ళాం, అదీ పగలు పదకొండింటికి. పట్టుబడి ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున జరుగుతుందని పుట్టి పెరిగిన నాకు తెలియదా? తెలుసు. కాని ఆ వేళకు వెళ్ళాలని తోచలేదు.

రొయ్యల వ్యాపారం తెలియని మిత్రుల కోసం ఒక్క మాట. రొయ్య ధర ‘కౌంటు’ను బట్టి ఉంటుంది. కిలోకు ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు, అరవై తూగితే అరవై కౌంటు. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. మా పత్రం ప్రకారం ఒక రైతు తెచ్చిన ఒక లోడుకు ఒకే కౌంటు. అధికారులు అలాగే చెప్పారు, మేము అలాగే రాసుకున్నాం.

నాలుగో నెలలో మా జట్టులో ప్రోగ్రాములు పరీక్షించే ఒక అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు. “సార్, ఒక గుంటలో రొయ్యలన్నీ ఒకే సైజు ఉండవు గదా. ఒకే లోడులో రెండు మూడు కౌంట్లు వస్తే రశీదు ఎట్ట వేస్తారు?” వాళ్ళ నాన్నకు చెరువులున్నాయి. నేను చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. “పత్రం మీద సంతకాలు అయిపోయాయమ్మా. ఇప్పుడు కదిపితే మొత్తం కదులుతుంది.” ఆమె మళ్ళీ అడగలేదు.

పదకొండో నెలకు వెనకబడ్డాం. మరో ఆరుగురిని చేర్చుకున్నాం. బ్రూక్స్ చెప్పినట్టే ఇంకా వెనకబడ్డాం. ఎవరికి వారు విడిగా రాసిన భాగాలను ఒక్కటిగా కలపడానికే ఆరు వారాలు పట్టింది. పదిహేడో నెలలో అప్పగించాం.

మొదటి రాత్రే తెలిసిపోయింది. షెడ్డులో చేతులు తడి, చేతులకు తొడుగులు. మా తెరమీద చిన్న చిన్న అక్షరాలు నొక్కాలి. తీరంలో సెల్లు సిగ్నలు వచ్చిపోతూ ఉంటుంది. సిగ్నలు లేకపోతే మా ప్రోగ్రాము ముందుకు కదలదు. ఒక లోడులో నలభై కౌంటు, యాభై కౌంటు కలిసి వచ్చాయి. గుల్లపెంకు రొయ్యను విడిగా తూచి తగ్గించాలి, దానికి మా తెరమీద చోటే లేదు. బయట లారీలో ఐసు కరిగిపోతోంది. షెడ్డు సూపర్‌వైజరు పాత నోటుబుక్కు తీశాడు. నోటుబుక్కులో ఒక లెక్క, కంప్యూటరులో ఒక లెక్క. రెండూ పొసగక బ్యాంకు చెల్లింపులు మూడు వారాలు ఆగిపోయాయి. పంట అమ్ముకున్న రైతు ఆ డబ్బుతోనే మేత కొట్టువాడి బాకీ తీర్చాలి, మళ్ళీ పిల్ల వదలాలి. మూడు వారాలంటే మాటలా?

తర్వాత జరిగిన సమీక్షలో ఆ సంస్థ పెద్దలు కారణం అడిగారు. నేను లేచి, “పరీక్షలు సరిగ్గా జరగలేదు” అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ప్రశ్న వేసిన అమ్మాయి ఆ గదిలోనే వెనక వరసలో కూర్చుని ఉంది. నెల తిరక్కుండా ఆమె ఉద్యోగం మానేసింది.

చెక్‌ట్రే

చెల్లింపులు ఆగిన రైతుల్లో ఒకాయన మా ఊరి వరసన నాకు మామ అవుతాడు. మొహం చాటేయడం ఇష్టంలేక వెళ్ళి కలిశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెరువు గట్టున నిలబడి తాడు లాగి చెక్‌ట్రే పైకెత్తాడు. ట్రేలో కొద్దిగా మేత మిగిలి ఉంది.

“చూడబ్బయ్యా, మేతేసి రెండు గంటలైంది. ఇంకా మిగిలుండాదంటే ఏంది అర్థం? పొద్దున నేనేసింది ఎక్కువైంది, లేకుంటే రొయ్యకు ఏదో బాగలేదు. అందుకని ఈ పూట తగ్గిస్తా. పంట మొత్తానికి మేత లెక్క ముందే కాయితం మీద రాసుకుని, నీళ్ళలోకి చూడకుండా నాలుగు నెలలూ అట్టనే పోసే రైతు ఎవుడన్నా ఉంటాడా? ఉంటే వాడి గుంట అడుగంతా కుళ్ళిపోద్ది. మీరు చేసింది అదే.”

నేను చదివిన పుస్తకాలలో అజైల్ పద్ధతి గురించి ఇంతకంటే తేటగా చెప్పినది నాకు కనబడలేదు. వేసిన మేత తినకపోతే అది అడుగున చేరి నీటిని పాడుచేస్తుంది. అవసరం లేని ప్రోగ్రాము కూడా అంతే. కొంచెం వేయి, చూడు, దానిని బట్టి తర్వాతి పూట నిర్ణయించు. లెక్క కాగితం ఉండకూడదని కాదు. మామ దగ్గర మేత చార్టు ఉంది. కాని చార్టు కంటే ట్రే మాట ఎక్కువ.

అజైల్ పుట్టుక

‘అజైల్’ అంటే చురుకుగా, తేలికగా మలుపు తిరగగలగడం. 1986లో తాకెయుచి, నొనాకా అనే జపాను ఆచార్యులు కొత్త వస్తువులు తయారుచేసే జట్లను పరిశీలించి ఒక వ్యాసం రాశారు. రిలే పందెంలో కర్ర అందించుకున్నట్టు ఒక శాఖ మరో శాఖకు పని అందించడం కాదు, రగ్బీ ఆటలో బంతిని తమలో తాము అందించుకుంటూ జట్టంతా కలిసి ముందుకు సాగడం మేలని వారి భావం. ఆ ఆట మాటల్లోంచే ‘స్క్రమ్’ అన్న పేరు వచ్చింది. 1995లో జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ ఆ పేరుతో సాఫ్టువేరుకు ఒక పద్ధతిని ప్రకటించారు. అదే దశాబ్దంలో కెంట్ బెక్, క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల లెక్కల పనిలో పొందిన అనుభవంతో ‘ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగు’ను రూపొందించాడు. ముందు పరీక్ష రాసి తర్వాత ప్రోగ్రాము రాయడం, ఇద్దరు ఒకే కంప్యూటరు ముందు కూర్చుని రాయడం, రాసినదాన్ని ఎప్పటికప్పుడు కలుపుకోవడం ఇందులోనివి.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో ఇలాంటి ఆలోచనలు గల పదిహేడు మంది కలిసి ఒక ప్రకటన చేశారు. దాని సారం నాలుగు మాటలు. నియమాలు, పనిముట్ల కంటే మనుషులు, వారి మధ్య మాటలు ముఖ్యం. బండెడు పత్రాల కంటే పనిచేసే సాఫ్టువేరు ముఖ్యం. ఒప్పందం మీద బేరాల కంటే వాడుకరితో కలిసి పనిచేయడం ముఖ్యం. వేసుకున్న పథకాన్ని పట్టుకు వేళ్ళాడడం కంటే మార్పుకు తగ్గట్టు మారడం ముఖ్యం. రెండో వైపున ఉన్నవి పనికిరావని వారు అనలేదు. మొదటి వైపుకు విలువ ఎక్కువన్నారు, అంతే. ఈ తేడా తెలియక, “అజైల్ అంటే పత్రాలు రాయనక్కరలేదట” అని సంబరపడేవారు మా ఆఫీసులో కూడా ఉండేవారు.

పని ఎలా నడుస్తుంది?

స్క్రమ్ పద్ధతి స్థూలంగా ఇది. చేయవలసిన పనులన్నీ ఒక జాబితాగా రాస్తారు. ఏది ముందు, ఏది వెనక అన్నది వాడుకరి పక్షాన ఒక్క మనిషి నిర్ణయిస్తాడు. పదిమంది పది దిక్కులకు లాగకుండా ఇది కట్టుబాటు. జాబితా పైభాగం నుంచి రెండు వారాలలో, లేదా గరిష్ఠంగా నెలలో, పూర్తికాగల పనిని జట్టు తనంత తాను ఎంచుకుంటుంది. ఈ అవధికి స్ప్రింటు అని పేరు. రోజూ ఒక పావుగంట నిలబడి మాట్లాడుకుంటారు. అవధి చివర పనిచేసే వస్తువును వాడుకరికి చూపిస్తారు. ఇదే మన చెక్‌ట్రే! ఆ తర్వాత జట్టువారు మాత్రమే కూర్చుని, మన పనితీరులో ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి అని వెనక్కి తిరిగి చూసుకుంటారు. మళ్ళీ మరో రెండు వారాలు.

మేము మారిన తీరు

ఆ సంస్థవారు దయతలచి మాకు మరో అవకాశం ఇచ్చారు. ఈసారి పద్నాలుగు నెలల ఒప్పందం వద్దని మేమే అన్నాం. రెండేసి నెలలకు ఒప్పందం, నచ్చకపోతే అక్కడితో ఆపేయవచ్చు. “చివరికి ఏమొస్తుందో ముందే చెప్పకపోతే ఎట్లా?” అని వాళ్ళ లెక్కల శాఖ చాలా రోజులు ఒప్పుకోలేదు. ముందు చెప్పింది ఏమైందో వారికి గుర్తుచేయవలసి వచ్చింది.

మొదటి అడుగు: ఒకే షెడ్డు. అక్కడ తూకం నుంచి రశీదు వరకు మాత్రమే. బ్యాంకు లేదు, గణాంకాలు లేవు. పనిని పొరలు పొరలుగా కాక, కేకు కోసినట్టు పైనుంచి కింది దాకా ఒక సన్నని ముక్కగా కోయడమన్నమాట. ముక్క చిన్నదైనా తినడానికి వీలుగా ఉండాలి. ఒక లోడుకు ఎన్ని కౌంట్లయినా రాయగలగడం ఆ ముక్కలో మొదటి పని. నోటుబుక్కును ఆపలేదు, పక్కనే నడవనిచ్చాం.

రెండవది: జాబితాకు యజమాని ఎవరు? నగరంలోని అధికారి కాదు, షెడ్డు సూపర్‌వైజరు. ఆయనకు ఆ అధికారం ఇప్పించడానికి మాకు నెల పట్టింది. కాని మొత్తం మార్పులో ఇంతకంటే విలువైనది లేదు.

మూడవది: ‘పూర్తయింది’ అంటే ఏమిటి? ఇదివరకు ప్రోగ్రాము రాసినవాడు అయిపోయిందంటే అయిపోయినట్టే. ఇప్పుడు పరీక్షలు నెగ్గాలి, మిగతా భాగాలతో కలవాలి, సూపర్‌వైజరు తడిచేత్తో, సిగ్నలు లేనప్పుడు కూడా వాడి చూడాలి. అప్పుడే పూర్తి. సిగ్నలు లేకపోతే లెక్క యంత్రంలోనే దాగి, సిగ్నలు రాగానే పంపబడేటట్టు మార్చాం.

నాలుగవది: ఆరు వారాల కలపడం అనే నరకాన్ని రోజువారీ పనిగా మార్చాం. ఎవరు ఏది రాసినా ఆ రోజే కలపాలి. కలపగానే యంత్రం తనంతట తాను పరీక్షలన్నీ నడుపుతుంది. తప్పు ఉంటే గంటలో తెలుస్తుంది. నిన్న రాసినదానిలో తప్పు వెతకడం తేలిక, ఎనిమిది నెలల నాటిదానిలో వెతకడం గడ్డివాములో సూది వెతకడమే.

చెప్పినంత సాఫీగా ఏదీ జరగలేదు. మా తప్పులు కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ప్రకటన అవుతుంది గాని పాఠం కాదు.

రోజూ నిలబడి మాట్లాడుకునే పావుగంట మా దగ్గర హాజరుపట్టీగా మారింది. అందరూ నా మొహం చూసి, “నిన్న అది చేశాను సార్, ఈరోజు ఇది చేస్తాను సార్” అని అప్పజెప్పేవారు. ఒకరి మాట ఒకరు వినేవారు కాదు. పైగా వాళ్ళు నిలబడేవారు, నేను కూర్చునేవాణ్ణి! తప్పు తెలుసుకుని రెండు వారాలు ఆ సమావేశానికి వెళ్ళకుండా ఉన్నాను. ఆ తర్వాత వెళ్ళినా వెనక నిలబడి చివర మాట్లాడేవాణ్ణి. అప్పటికి వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలైంది.

పని కష్టాన్ని అంచనా వేయడానికి జట్టు పాయింట్లు వేసుకుంటుంది. అది వాళ్ళ సౌకర్యం కోసం. మా పైవారు ఆ పాయింట్లతో ఏ జట్టు ఎక్కువ పనిచేస్తోందో పోల్చడం మొదలుపెట్టారు. అంతే, మూడు పాయింట్ల పనికి ఎనిమిది పాయింట్లు పడసాగాయి. పని పెరగలేదు, ధరలు పెరిగాయి. చివరకు ఆ పోలిక మాన్పించాం.

ఇక వెనక్కి తిరిగి చూసుకునే సమావేశం. మొదటి మూడుసార్లు ఎవరూ నోరు విప్పలేదు. పెద్దవాళ్ళ ముందు తప్పు ఎత్తిచూపడం మన పెంపకంలో లేదు. నాలుగోసారి పేర్లు లేకుండా చీటీలు రాయమన్నాం. ఒక చీటీలో ఇలా ఉంది: “పత్రంలో అలా ఉంది అని సార్ అనడం మానేస్తే బాగుంటుంది.” చదివి నవ్వాను గాని, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నష్టాలూ ఉన్నాయి. పత్రాలు రాయడంలో ఇరవై ఏళ్ళు ఆరితేరిన ఒక పెద్దాయన తనకిక విలువ లేదనుకుని వెళ్ళిపోయాడు. ఆయన అనుభవాన్ని షెడ్డు దగ్గర ఎలా వాడుకోవాలో మేము ఆలోచించి ఉండవలసింది. అది నా లోపం.

మూడో నెల చివరకు ఆ షెడ్డులో సూపర్‌వైజరు తనంతట తానే నోటుబుక్కును బీరువాలో పెట్టేశాడు. మేము పెట్టమనలేదు. మాకు వచ్చిన సర్టిఫికెట్టు అదే.

శ్రీహరికోట చెప్పేది

“రాకెట్టును కూడా రెండు వారాలకో ముక్క చొప్పున ఎగరేస్తారా?” అని ఒక లెక్చరరు మిత్రుడు నన్ను ఆటపట్టించాడు. న్యాయమైన ప్రశ్న. శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాకు వెళ్ళినా, నెల్లూరు వాళ్ళకు ‘షార్’ ఇంటి మనిషే. కనుక అక్కడి చరిత్ర నుంచే జవాబు చెబుతాను.

1993 సెప్టెంబరు 20న అక్కడి నుంచి మొదటి పీఎస్ఎల్‌వీ లేచింది. రెండో దశ విడిపోయే వేళ రాకెట్టు కుదుపుకు గురైంది. దాన్ని సరిదిద్దవలసిన నియంత్రణ సాఫ్టువేరులో ఒక దోషం దాగి ఉంది. ఐఆర్‌ఎస్‌-1ఇ ఉపగ్రహం కక్ష్యకు చేరకుండా సముద్రం పాలైంది. ప్రోగ్రాములో ఒక దోషం ఎంత పని చేయగలదో చెప్పడానికి మన తీరంలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. లోపం కనిపెట్టి, సరిదిద్ది, 1994 అక్టోబరు 15న మళ్ళీ ప్రయోగించారు. ఈసారి గెలిచారు.

రాకెట్టు ఒకసారి లేచాక వెనక్కి పిలవలేం. కనుక అక్కడ ముందస్తు రూపకల్పన, పత్రాలు, ప్రతి అక్షరానికీ తనిఖీ తప్పనిసరి. గుండె యంత్రాలకు, విమానాలకు కూడా అంతే. ఆ విషయంలో నా మిత్రుడిదే గెలుపు. కాని ఇంకో కోణం చూడండి. షార్ నుంచి తొలిసారి 1971 అక్టోబరు 9న ఎగిరింది రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్టు. తర్వాత ఎస్‌ఎల్‌వీ-3, తర్వాత ఏఎస్‌ఎల్‌వీ, ఆ తర్వాతే పీఎస్‌ఎల్‌వీ. చిన్నదానిలో నేర్చుకుని పెద్దదానికి పోవడం, ఒక్కొక్క దశనూ ముందు నేలమీద మండించి చూడడం, ఇవన్నీ చెక్‌ట్రేలే. ముక్కలుగా అప్పగించలేకపోవచ్చు, ముక్కలుగా నేర్చుకోవడానికి అడ్డేముంది?

ఇంకొక సంగతి ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైంది. దాని ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. ఆనాడు ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధావన్ గారు పత్రికలవారి ముందుకు తానే వెళ్ళి, వైఫల్యం బాధ్యత తనమీద వేసుకున్నారు. 1980 జూలై 18న విజయం లభించినప్పుడు మాత్రం మాట్లాడమని కలాం గారినే పంపారు. ఈ ముచ్చట కలాం గారు తర్వాతి కాలంలో ఎన్నో సభల్లో చెప్పారు. ఆ కేంద్రానికి 2002లో ధావన్ గారి పేరే పెట్టారు.

ఈ కథ నేను విద్యార్థిగా ఉన్నప్పుడే విన్నాను, చప్పట్లు కొట్టాను. నా వంతు వచ్చిననాడు మాత్రం వెనక వరసలో కూర్చున్న అమ్మాయి మీదకు నెట్టాను.

ఒక ఫోను

కొత్త పని నిలదొక్కుకున్నాక ఆ అమ్మాయికి ఫోను చేశాను. అప్పటికి ఆమె వేరే నగరంలో ఉద్యోగం చేస్తోంది. క్షమించమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “నేను చెప్పింది మీరు వినలేదని కాదు సార్ నా బాధ. ఒకసారి కాదన్నాక, ఆ మాట మళ్ళీ అడగడానికి నాకు చోటు లేకుండా పోయింది.”

విద్యార్థి మిత్రులారా! అజైల్ పద్ధతికి నిర్వచనం రాయమంటే ఇప్పుడు నేను ఇదే రాస్తాను. జాబితాలు, బోర్డులు, రంగు రంగుల చీటీలు, నిలబడే సమావేశాలు ఇవన్నీ పైపై వస్తువులు. జట్టులో అందరికంటే చిన్నవాడు అడిగిన ప్రశ్న ఒకసారి కొట్టేసినా, రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ అడగడానికి చోటుండాలి. ఆ చోటును ఏర్పాటు చేయడమే ఈ పద్ధతి. ఆ చోటు లేనప్పుడు ఎన్ని స్ప్రింటులు నడిపినా పాత సారాయే, సీసా మాత్రం కొత్తది.

చివరి మాట

ఆఖరి సంవత్సరం విద్యార్థులు ప్రాజెక్టు పనులు చేస్తారు. సాధారణంగా ఆరు నెలలూ గడిచాక ఆఖరి వారంలో రాత్రులు మేలుకుని పూర్తిచేయడం మన ఆచారం. నేనూ అలాగే చేశాను. ఈ ఏడాది ఒక జట్టయినా ఇంకో విధంగా చేసి చూడండి. హాస్టలు మెస్సు లెక్కలే తీసుకోండి. మొదటి రెండు వారాల్లో ఒక్క పని చేయండి: ఒక విద్యార్థి నెల బిల్లు ఎంతైందో చూపగలిగితే చాలు. దాన్ని మీ గైడుకు చూపేముందు మెస్సు లెక్కలు రాసే ఆయనకు చూపండి. ఆయన తల గోక్కుంటే ఎందుకు గోక్కున్నాడో అడగండి. అక్కడి నుంచి తర్వాతి రెండు వారాలు.

అధ్యాపకులకు కూడా ఒక మనవి. ప్రాజెక్టుకు చివరి రోజున వేసే మార్కులలో కొన్నయినా మధ్యలో ఎన్నిసార్లు చూపించి, ఏమేమి మార్చుకున్నారో దానికి కేటాయించండి. తప్పు చేసి ముందే ఒప్పుకున్న పిల్లవాడికి ఒక మార్కు ఎక్కువ వేయండి. ఆ ఒక్క మార్కు రేపు ఏ షెడ్డు ముందో ఐసు కరిగిపోకుండా కాపాడవచ్చు.

మా మామ ఈమధ్య కనబడినప్పుడు, “ఏం అబ్బయ్యా, ట్రే ఎత్తి చూస్తుండావా?” అని అడిగాడు. “చూస్తుండాను మామా” అన్నాను. మీరూ చూస్తారని ఆశిస్తున్నాను.